ప్రపంచాన్ని పిల్లలకు చదివి వినిపించాలంటే ఉర్లగడ్డతో మొదలుపెట్టండి

మా పెద్దదానికి ఏడేళ్ళప్పుడు ఒక ఎగ్జిబిషన్‌లో 12 పుస్తకాల ఎన్‌సైక్లోపీడియా సెట్టు కొన్నాను. 3,800 రూపాయలు. గట్టి అట్టలు, మెరిసే కాగితం, ఒక్కోటి ఇటుకంత బరువు. అమ్మినాయన "ఇది ఇంట్లో ఉంటే చాలమ్మా, పాప కలెక్టరే" అన్నాడు. రోజూ రాత్రి అన్నాలయ్యాక రెండు పేజీలు చదవాలి, మర్నాడు పొద్దున నేను ప్రశ్నలడుగుతాను అని రూలు పెట్టాను. నైలు నది పొడవెంత, పెంగ్విన్లు ఎక్కడుంటాయి, చైనా రాజధాని ఏది. పది రోజులు నడిచింది. పదకొండో రోజు మూడో పుస్తకం కనిపించలేదు. నెలన్నర తర్వాత బియ్యం డ్రమ్ము జరిపితే దాని వెనక దొరికింది, బొద్దింకల మందు పక్కన. ఎందుకే ఇక్కడ పెట్టావంటే "దాన్ని చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుందమ్మా" అంది.

కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ రాత్రి నేనే ఆ పుస్తకం తీసి చదవబోయి మూడో పేజీలో ఆవులించాను. ఒక సమాచారం, దాని కింద ఇంకో సమాచారం. ఆ పేజీల్లో ఎవరికీ ఏమీ జరగదు. పైగా గ్రహాల పేజీలో ప్లూటో ఇంకా తొమ్మిదో గ్రహమే. 2006లోనే దాన్ని ఆ వరసలోంచి తీసేశారన్న కబురు ఆ పుస్తకానికి అందలేదు.

మాది సూళ్ళూరుపేట. పెళ్ళయి చెన్నైలో పెరంబూరు వచ్చి పదిహేనేళ్ళు. ఇక్కడే పారిస్ అని పిలిచే పారీస్ కార్నర్ దగ్గర ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూస్తాను, టీచర్ని కాను. పిల్లలకు బళ్ళో ఇంగ్లీషు, తమిళం. తెలుగు ఇంట్లో గలగలా మాట్లాడతారు గానీ చదవడం అంతంత మాత్రం. పెద్దదానికి ఇప్పుడు పదకొండు, చిన్నవాడికి ఆరు. ఇలాంటి ఇళ్ళు ఈ ఊళ్ళో బోలెడు. డ్రమ్ము వెనక పుస్తకం దొరికిన తర్వాత ఈ నాలుగేళ్ళలో నాకు ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో రాస్తున్నాను.

వంటింట్లో దొరికిన పెరూ

ఒక ఆదివారం ఉర్లగడ్డలకు, అదే బంగాళాదుంపలకు, చెక్కు తీస్తుంటే పెద్దది పక్కన కూచుని ఉంది. ఇది ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పు చూద్దాం అన్నాను. "కోయంబేడు మార్కెట్." కోయంబేడుకి ముందు? "ఊటీ." ఊటీకి ముందు? అక్కడ ఆగింది. దక్షిణ అమెరికాలో ఆండీస్ అని పెద్ద కొండలున్నాయి, పెరూ, బొలీవియా అనే దేశాల్లో. అక్కడివాళ్ళు 7 వేల ఏళ్ళకు పైగా దీన్ని పండిస్తున్నారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు యూరప్‌కు పట్టుకెళ్ళారు, ఆ తర్వాత పోర్చుగీసు ఓడల్లో మన దాకా వచ్చింది అని చెప్పాను. ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిందనుకునేరు, ముందురోజు బస్సులో ఒక పిల్లల పుస్తకంలో చదివాను. ఆ పుస్తకం సంచిలోనే ఉంది, తీసి ఒక పేజీ చదివాను.

ఆండీస్‌లో 4 వేల మీటర్ల ఎత్తున రైతులు చిన్న చిన్న గడ్డల్ని రాత్రిపూట ఆరుబయట పరుస్తారు. చలికి అవి రాళ్ళలా బిగుసుకుపోతాయి. తెల్లారి ఎండకు మెత్తబడ్డాక ఇంటిల్లిపాదీ వాటి మీదెక్కి కాళ్ళతో తొక్కుతారు. నీళ్ళు కారిపోతాయి. మళ్ళీ రాత్రి చలికి, పగలు ఎండకు. చివరికి ఎండి బెండులా తేలికైపోయి ఏళ్ళ తరబడి నిలవుంటాయి. దాన్ని చూన్యో అంటారు. అంతవరకూ చదివి పుస్తకం మూశాను. కావాలని మూయలేదు, కుక్కర్ కూత వేసింది. స్టవ్ కట్టి వచ్చేసరికి మా అమ్మాయి నాలుగు చిన్న గడ్డలు ఏరి ఫ్రీజర్లో పెడుతోంది.

మర్నాడు పొద్దున వాటిని తీసి స్టీలు పళ్ళెంలో పెట్టి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం. సాయంత్రం వచ్చేసరికి గడ్డలు నల్లబడి ఉన్నాయి, వేలితో నొక్కితే స్పాంజిలా దిగుతోంది. బాత్రూములో పాలిథీన్ కవరు పరిచి, వాటి మీద పాత తువాలు కప్పి, అది కాళ్ళు కడుక్కుని ఎక్కింది. పిచుక్కుమని నీళ్ళు చిమ్మాయి. నీళ్ళెక్కడివి అంటే మళ్ళీ పుస్తకం తీశాం. పచ్చి గడ్డలో ముప్పాతిక వంతుకు పైగా నీళ్ళే. అవి మంచు పలుకులైనప్పుడు లోపలున్న చిన్న చిన్న గదుల గోడల్ని చీల్చేస్తాయి, కరిగాక ఇక నీళ్ళను పట్టి ఉంచేదేమీ ఉండదు. "నాన్న గాజుసీసా ఫ్రీజర్లో పెడితే పగిలినట్టా?" అంది. అచ్చం అట్లాగే. ఆ సీసా సంగతి మా ఇంట్లో అప్పటికి మేం ఎత్తడం మానేసిన విషయం.

మూడు రాత్రులు అలా చేసి, మిద్దె మీద మా అత్తగారి వడియాల పక్కన ఎండబెట్టాం. నాలుగింట్లో రెండిటికి బూజు పట్టింది. అసలు చదువు అక్కడ మొదలైందని నాకు తర్వాత అర్థమైంది. "వాళ్ళవాటికి ఎందుకు బూజు పట్టదు?" అని ఈసారి పుస్తకం అదే తెచ్చుకుంది. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, రాత్రిళ్ళు గడ్డకట్టే చలి. మన పెరంబూరు గాలిని పిండితే నీళ్ళొస్తాయి. ఆ కొండల మీద తిండి అలా ఎందుకు దాచుకుంటారో, మనం వడియాలు, ఒరుగులు ఎందుకు పెట్టుకుంటామో రెండూ పక్కపక్కన కనబడ్డాయి దానికి. మిగిలిన రెండు గడ్డలు ఇంకా హార్లిక్స్ సీసాలో ఉన్నాయి, ఊపితే గులకరాళ్ళ చప్పుడు.

అప్పట్నించి మా ఇంట్లో ఇదే పద్ధతి. దూరదేశం పుస్తకం తెరిచే ముందు ఆ దేశానికి సంబంధించింది ఏదో ఒకటి పిల్లల చేతికి తగలాలి. చదివేది పావుగంట, అంతకు మించి వద్దు. ప్రశ్న ఎక్కడ పుడితే అక్కడ పుస్తకం మూసి లేవాలి. పూర్తి చేయించాలన్న పంతం పెట్టుకోకండి. మేం సగంలో వదిలేసిన పుస్తకాలతో అల్మరాలో ఒక అర నిండిపోయింది. అప్పుడప్పుడూ వాళ్ళే వాటిలోంచి ఒకటి లాగుతారు.

చేతికి తగిలేవి వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. టమాటా, మిరపకాయ, వేరుశనగ, జీడిపప్పు, జామ, బొప్పాయి అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఆంధ్రావాళ్ళం మిరపకాయ మన తాతల సొత్తనుకుంటాం గానీ పోర్చుగీసువాళ్ళు తెచ్చేదాకా మన కారం మిరియమే. మిరప అనే పేరులోనే మిరియం వినబడుతుంది. ఈ మాట మా అత్తగారు మూడు రోజులు నమ్మలేదు, నాలుగో రోజు పక్కింటావిడకు తనే చెబుతోంది. మాటలు కూడా వస్తువుల్లాంటివే. అల్మరా, బొత్తాం, ఇస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చిన మాటలు. అనాస అయితే దక్షిణ అమెరికాలోని ఆదివాసుల భాషలోంచి పోర్చుగీసులోకి, అందులోంచి మన నోట్లోకి వచ్చింది. అనాస ముక్క నములుతూ పటంలో బ్రెజిల్ వెతకడం చిన్నవాడికి ఎంత ఇష్టమో.

పటం అన్నాను కదా, ప్రపంచ పటం ఒకటి కొని పిల్లల కంటి ఎత్తున అతికించండి, మీ కంటి ఎత్తున కాదు. మాది అన్నాల బల్ల పక్కన గోడకుంది. ఏ ఊరి కథ చదివితే ఆ ఊరికి చెన్నై నుంచి ఒక దారం. అమ్మమ్మవాళ్ళ సూళ్ళూరుపేట పటంలో లేదని చిన్నవాడు ఏడిస్తే బాల్‌పెన్నుతో చుక్క పెట్టిచ్చాను. ఆ చుక్క సైజుకి అది శ్రీలంకలో సగముంది.

ఏ పుస్తకం కొనాలి, ఏది వద్దు

నేను షాపులో నిలబడి చూసేవి కొన్ని ఉన్నాయి. వేరే దేశం పుస్తకమైతే అందులో పిల్లలు బడికి వెళ్తున్నారా, వాళ్ళమ్మ బట్టలు ఉతుకుతోందా, బస్సు కోసం ఎవరైనా నిలబడ్డారా అని చూస్తాను. పేజీ పేజీకీ ఈకల టోపీలు, డాన్సులే ఉంటే పక్కన పెట్టేస్తాను. మనమేమన్నా రోజూ పట్టుచీర కట్టుకుని కూచిపూడి ఆడుతున్నామా? "ఆఫ్రికాలో ప్రజలు" అని మొదలైతే ఇంకా అనుమానం. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. ఏ దేశం, ఏ ఊరు అని పేరు చెప్పే పుస్తకం నయం.

సైన్సు పుస్తకంలో "ఇది మనకెలా తెలిసింది" అన్న ముక్క ఉందా లేదా చూడండి. సూర్యుడు ఇంత దూరంలో ఉన్నాడని చెప్పేసి ఊరుకుంటే అది నా ఎన్‌సైక్లోపీడియా లాంటిదే. ఎవరు కొలిచారు, దేంతో కొలిచారు, మొదట ఎక్కడ తప్పారు, ఇవి ఉంటేనే పిల్లలు ముందుకు వంగి వింటారు. అచ్చైన సంవత్సరం కూడా చూసుకోండి. ప్లూటో పేజీలో మేం పెన్సిల్‌తో ఒక చీటీ రాసి అతికించాం, "2006 నుంచి మరుగుజ్జు గ్రహం" అని. పుస్తకం కూడా తప్పవచ్చు, దాన్ని దిద్దవచ్చు అన్న సంగతి వాళ్ళకు అంత ఆనందమిస్తుందని నేననుకోలేదు. ఆ సెట్టుకి పెట్టిన డబ్బులో కొంత అలా గిట్టుబాటైంది.

ప్రకృతి పుస్తకాలతో ఒక చిక్కుంది. ఇంగ్లీషువి ఎక్కువగా చలిదేశాల్లో రాసినవి. మంచు కురవడం, ఆకురాలు కాలం, మనం ఎన్నడూ చూడని పిట్టలు. మానేయమనను. మా నాన్న దాచిన రష్యన్ పిల్లల పుస్తకాలు, మాస్కోలో అచ్చేసిన తెలుగువి, నేను సూళ్ళూరుపేట ఎండలో మామిడి చెట్టు కింద చదివి చలికి వణికినదాన్ని. కాకపోతే పక్కన మనది ఒకటి పెట్టాలి. ఆకురాలు కాలం బొమ్మ చూపించిన వారమే మా వీధిలో నాటుబాదం చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాను. సంక్రాంతి దాటాక దాని ఆకులు ఎర్రగా పండి రాలతాయి. "మనకూ ఉందే!" అన్నాడు చిన్నవాడు, సంచి నిండా ఏరుకొచ్చి మంచం కింద దాచాడు.

దొరికే చోట్లు: సంక్రాంతి రోజుల్లో నందనం మైదానంలో జరిగే బుక్ ఫెయిర్, అక్కడ నేషనల్ బుక్ ట్రస్ట్ స్టాలు. చెన్నైలోనే ఉన్న తూలిక వాళ్ళు బొమ్మల పుస్తకాలు తెలుగుతో సహా చాలా భాషల్లో వేస్తారు. హైదరాబాదు మంచి పుస్తకం వాళ్ళవి సన్నగా, చవగ్గా ఉంటాయి, చదివేశాక పక్కింటి పిల్లలకు ఇచ్చేసినా ప్రాణం ఉసూరుమనదు. డబ్బే పెట్టకూడదనుకుంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదవొచ్చు. అందులో చాలా కథలు తమిళంలో, ఇంగ్లీషులో కూడా ఉంటాయి. పెద్దది తమిళంలో ఒక పేజీ చదివితే అదే పేజీ నేను తెలుగులో చదువుతాను. తెలుగు అక్షరాలు దానికి అలాగే ఎక్కాయి, నేను నేర్పానని చెప్పుకోలేను. కోట్టూరుపురంలోని అన్నా శతాబ్ది గ్రంథాలయంలో పిల్లల విభాగం మధ్య పెద్ద చెట్టు బొమ్మ ఉంటుంది, దాని కింద కూచుని చదువుకోవచ్చు. ప్లానెటేరియం అక్కడికి దగ్గరే, రెండూ ఒక రోజు పెట్టుకోండి.

ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ముందురోజు మీరొకసారి చదువుకోవాలి, లేకపోతే మధ్యలో నాలుక మడతపడుతుంది. పాఠ్యపుస్తకాల మాటల జోలికి పోకండి. కిరణజన్య సంయోగక్రియ అనగానే మావాడు లేచి వెళ్ళిపోయాడు. "ఆకు ఎండతో వంట చేసుకుంటుంది, గాలి, నీళ్ళు దాని సరుకులు" అంటే తిరిగొచ్చి "గ్యాస్ అక్కర్లేదా" అని అడిగాడు. అసలు పేరు తర్వాత ఎప్పుడో వస్తుంది, రానివ్వండి. మీకు తెలియనిది అడిగితే "నాకూ తెలీదు, రాసిపెట్టు" అనండి. మా ఇంట్లో దీనికి 100 పేజీల నోటుపుస్తకం ఉంది. ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు. కుడివైపు చాలా ఖాళీగా ఉంది.

చదివాక ప్రశ్నలడక్కండి. ఎంత నోరు దురదపెట్టినా సరే. నాకు ఇప్పటికీ దురదే.

నీడ మాయమైన రోజు

2,200 ఏళ్ళకు పైబడిన మాట. ఈజిప్టులో అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి పెద్దగా ఉన్న ఎరటోస్తనీస్ అనే ఆయన, దక్షిణాన సయీన్ అనే ఊళ్ళో ఏడాదికొక రోజు మిట్టమధ్యాహ్నం ఎండ బావి అడుగుదాకా పడుతుందని విన్నాడు. అదే రోజు తన ఊళ్ళో మాత్రం నీడ పడుతోంది. ఆ నీడ కోణం కొలిస్తే వృత్తంలో 50వ వంతు. అంటే రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని 50తో గుణిస్తే భూమి చుట్టుకొలత. ఈ కథ పెద్దదానికి రాత్రి చదివితే "అబద్ధం" అంది. లైబ్రరీలో పనిచేసే ఆయన భూమిని కొలవడమేంటని దాని అనుమానం.

చెన్నైలో ఉండడం ఇక్కడ కలిసొచ్చింది. మనకు ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 24, ఆగస్టు 18 దరిదాపుల్లో, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్‌లో అయితే 12 గంటల 7 నిమిషాలకు అటూఇటూగా. ఢిల్లీకి ఆ భాగ్యం లేదు, అక్కడ సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు. మా మరిది ఢిల్లీలో ఉంటాడు.

ఆ రోజు పదకొండున్నరకే మిద్దె ఎక్కాం. కాళ్ళు కాలిపోతుంటే గోనెసంచి పరుచుకున్నాం. ఒక స్టీలు గ్లాసు బోర్లించి, పక్కన 30 సెంటీమీటర్ల స్కేలు నిలబెట్టి, పడకుండా మట్టి ముద్ద అంటించాం. నీడ వేలెడంత, గోరంత, ఆఖరికి గ్లాసు కిందికి దూరిపోయింది. చిన్నవాడు తన నీడ కోసం చుట్టూ తిరిగి, కాళ్ళ మధ్యలో నల్లగా ముద్దలా ఉండటం చూసి గెంతాడు. వీడియో కాల్‌లో మరిది తన బాల్కనీలో అంతే స్కేలు నిలబెట్టాడు. నీడ 8 సెంటీమీటర్ల పైన కొంచెం. "వదినా, ఇది మీ ఆఫీసు పనా, పిల్లల పనా" అని సణిగాడు గానీ మూడుసార్లు కొలిచాడు.

కిందికొచ్చి కాగితం మీద ఆ స్కేలూ నీడా గీసి ప్రొట్రాక్టర్ పెడితే కోణం 15న్నర డిగ్రీలు. చెన్నై నుంచి ఢిల్లీకి నేరుగా ఉత్తరంగా కొలిస్తే సుమారు 1,720 కిలోమీటర్లు. రైలు దూరం వాడకండి, అది వంకర్లు పోతుంది. 360ని 15న్నరతో భాగించి, 1,720తో గుణిస్తే 39,900 పైచిలుకు వచ్చింది. అసలు చుట్టుకొలత 40 వేల కిలోమీటర్ల దగ్గర. అంత దగ్గరగా రావడం మా అదృష్టం, అర డిగ్రీ తేడా వచ్చినా వెయ్యి కిలోమీటర్లు అటో ఇటో పోతుంది. ఆ సంగతి కూడా దానికి చెప్పాను. సాయంత్రం వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి రాగానే గుమ్మంలోనే "నాన్నా, భూమి కొలిచాం" అంది.

మీ సొంత జ్ఞాపకాలు కూడా ఇలా పనికొస్తాయి. మా చిన్నప్పుడు శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే ముందు వెలుగు కనబడేది, కిటికీ రెక్కలు తర్వాతెప్పుడో గడగడలాడేవి. ఆ మధ్యలో మా తాత నిమిషం లెక్కపెట్టేవాడు. మా ఊరికి ఆ రాకెట్ కేంద్రం ఇంచుమించు 20 కిలోమీటర్లు, ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు. తాత లెక్క సరిపోయిందని నాకు 36 ఏళ్ళ వయసులో, పిల్లల పుస్తకం చదువుతుంటే తెలిసింది.

పారిస్ చుట్టూ దేశాలు

విమానం ఎక్కక్కర్లేదు. మా ఆఫీసు పక్కనే ఆర్మేనియన్ వీధి ఉంది. తమిళంలో దాన్ని అరణ్మనైక్కారన్ వీధి అంటారు, ఆర్మేనియన్ అన్న మాట జనం నోట్లో నలిగి రాజభవనం అయింది. అక్కడి ఆర్మేనియన్ చర్చి 1772 నాటిది. నేలంతా సమాధి పలకలు, వాటి మీద ఆర్మేనియన్ అక్షరాలు. ఆర్మేనియా ఎక్కడుందో పటంలో చూసి, వాళ్ళ లిపిని మెస్రోప్ మష్తోత్స్ అనే ఆయన 405వ సంవత్సరం ప్రాంతంలో తయారుచేశాడని చదివి, ఒక సెలవు రోజు వెళ్ళాం. పెద్దది కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ఒక వరస అక్షరాలు ఎత్తుకొచ్చింది. పలకల మీద కాలు వేయకుండా నడవమని మాత్రం ముందే చెప్పండి. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక, అజ్దరార్, 1794లో అచ్చైంది మన మద్రాసులోనే అంటే మా ఆఫీసులో కూడా ఎవరికీ తెలీదు.

సాయంత్రం బీచ్ స్టేషన్ దగ్గర సెకండ్ లైన్ బీచ్ రోడ్డులో అత్తో అమ్ముతారు. నూడుల్స్, వేయించిన ఉల్లిపాయలు, చింతపండు పులుసు, పక్కన అరటిదూట సూపు. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు మొదలుపెట్టిన తిండి. అది తింటూ చెప్పాను, మనవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవాళ్ళని, కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి అంతమంది వెళ్ళేసరికి అక్కడ తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరు పడిందని. బర్మా పుస్తకం ఆ రాత్రి తెరిచాం. తిన్న తర్వాత చదివితే రుచి వేరు.

ఎగ్మూరు మ్యూజియం గురించి రెండు మాటలు. అమరావతి స్తూపం రాళ్ళు అక్కడున్నాయి, కొన్ని లండన్‌లో ఉన్నాయి. మన ఊరి రాయి లండన్ ఎందుకెళ్ళింది అని పిల్లలే అడుగుతారు, మీరు ఎత్తక్కర్లేదు. శుక్రవారం సెలవు. మేం మొదటిసారి శుక్రవారమే వెళ్ళాం.

బీచ్‌లో తాబేలు

బొమ్మల పుస్తకాల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ముద్దుగా ఉంటాయి. ఆడ తాబేలు ఒడ్డుకొచ్చి ఇసకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, ఇసక వేడెక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. చెన్నైలో 1988 నుంచి విద్యార్థులు జనవరి నుంచి రాత్రిళ్ళు నీలాంగరై, బెసంట్ నగర్ తీరం వెంట నడిచి ఆ గుడ్లు ఏరి కాపాడుతున్నారు. ఇదంతా చదువుకుని ఒక ఆదివారం పొద్దున్నే బీచ్‌కి వెళ్తే చచ్చిన తాబేలు కనబడింది. అడుగున్నరకు పైనే ఉంది, కళ్ళు ఉబ్బి, పైన ఈగలు. చిన్నవాడు నా చెయ్యి పట్టుకుని కదల్లేదు.

చేతులడ్డం పెట్టి పక్కకు లాక్కెళ్ళబోయాను. తర్వాత ఆగాను. నీళ్ళల్లో ఉండే తాబేలు నీళ్ళల్లో ఎలా చచ్చిపోయింది అన్నాడు. దానికీ మనలాగే ఊపిరితిత్తులుంటాయి, పైకొచ్చి గాలి పీల్చాలి, పెద్ద మరబోట్ల వలలో చిక్కుకుంటే పైకి రాలేదు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వల వేసినవాళ్ళు చెడ్డవాళ్ళా అన్నాడు. కాదు, వాళ్ళు చేపల కోసం వేశారు, తాబేలు బయటికి పోయే దారి ఉన్న వలలు కూడా ఉన్నాయి అన్నాను. ఇంటికొచ్చి ఆ పుస్తకం వాడు అడగలేదు, వారం దాకా నేనూ తీయలేదు. ఎనిమిదో రోజు పడుకునే ముందు "ఆ తాబేలు పేజీ" అన్నాడు. చదివాను. ఇలాంటప్పుడు తొందరపడి వేరే నవ్వుల పుస్తకం చేతిలో పెట్టకండి, వాళ్ళే అడిగేదాకా కాస్త ఊరుకోండి.

పులికాట్ ఫ్లెమింగోల విషయంలో ఇంత బరువు లేదు. మా అమ్మవాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా చలికాలంలో చూస్తాం. తల తలకిందులుగా నీళ్ళలో పెట్టి వడగట్టుకుని తింటాయి, తినే నాచు, చిన్న రొయ్యల్లో ఉండే రంగు వల్లే వాటికి ఆ గులాబీ రంగు. ఇది చదివిన మర్నాడు వాడు బీట్‌రూట్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. నాకు అభ్యంతరమేముంటుంది.

ఇప్పుడు నోటుపుస్తకంలో 61వ ప్రశ్న నడుస్తోంది. ఎదురింటి వేపచెట్టు మీద కాకి గూడుంది, కోకిల వచ్చి అందులో గుడ్డు పెట్టి పోతుందని చదివాం. రోజూ పొద్దున పళ్ళు తోముకుంటూ కిటికీలోంచి కాపలా కాస్తున్నారు ఇద్దరూ. ప్రశ్న పెద్దది రాసింది: "గుడ్డు ఒకటి ఎక్కువైందని కాకికి తెలీదా? కాకికి లెక్క రాదా?" ఇంట్లో ఉన్న రెండు పక్షుల పుస్తకాల్లో దీనికి జవాబు లేదు. లైబ్రరీలో పక్షుల పుస్తకం ఒకటుంది, ఎవరో తీసుకెళ్ళారట, 14న తిరిగివ్వాలి. చిన్నవాడు క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టాడు.